నూటనాలుగింట నాలుగు

ట్రెట్ అంటే ఏంటి అమ్మమ్మా అని
నా పాత లెక్కల పుస్తకం మీద వేలు పెట్టి అడుగుతోంది లెటీస్.
దాని కొత్త పుస్తకంలో ఆ మాట లేదట.
వాళ్ల పంతులమ్మకీ తెలీదట.

చెబుతాను, ఆ కొవ్వొత్తి ఇలా జరుపు.

బ్రిస్టల్ రేవులో పంచదార పీపా దిగుతుంది.
మొత్తం తూకం పదిహేడువందల నలభై పౌన్లు.
చెక్కదీ, ఇనప పట్టీలదీ బరువు తీసెయ్యి, నూట ఎనభై.
అది టేర్.
మిగిలింది సటిల్. ఆగు, అయిపోలేదు.
సరుకులో దుమ్ముంటుంది, చెత్తుంటుంది,
ఓడ కుదుపుకి చెమర్చి కారిపోయేది ఉంటుంది.
అందుకని కొన్నవాడికి
నూటనాలుగు పౌన్లకి నాలుగు పౌన్లు వదిలెయ్యాలి.
ఇరవైఆరుతో భాగించు. అరవై వస్తుంది.
ఆ అరవయ్యే ట్రెట్.

తరుగు అందామా? తరుగంటే పోయింది.
ఇది పోతుందని ముందే ఒప్పేసుకున్నది.
పోనీ కొసరు? కొసరు నోరు తెరిచి అడగాలి.
ఇది అడక్కుండానే రాసేస్తారు.

పోయిందని రాసినదంతా పోదే, లెటీస్.
మా నాన్న వెల్ష్ బ్యాక్ గిడ్డంగిలో హమాలీ.
రాత్రి ఆయన గోనె ఏప్రన్‌ని
అమ్మ వేణ్ణీళ్లలో ఉడికించేది.
మట్టిరంగు నీళ్లు, మీద తేలే నారపోగులు.
వడగట్టి మా జావలో పోసేది.
నాకిప్పటికీ తీపంటే
కొంచెం గోనె వాసనే.

ఒకసారి ఖాళీ పీపా అడుగు గీరుతుంటే
నాన్నకి నీలం పూస దొరికింది.
కందిగింజంత. చిల్లు పక్కన చిన్న పగులు.
దారం లేదు.
ఏ దీవిలో, ఏ కాగుతున్న బాన దగ్గర
ఏ మెడలోంచి జారిందో.
దీపం కింద చాలాసేపు అరచేతిలో దొర్లించాడు.
"అమ్ముడుపోయిన మనిషి కొనుక్కున్నదమ్మా ఇది,"
అని నా చేతిలో పెట్టాడు.

మర్నాడు బడికి పట్టుకెళ్లాను. పదేళ్లు నాకు.
టోవీ మాస్టారి బల్ల మీద పెట్టి అడిగాను:
ఇది టేర్‌లోకి వస్తుందా, ట్రెట్‌లోకా,
లేక నికరంలోనే కలిపెయ్యాలా?

మంచి ప్రశ్న అడిగానని మురిసిపోతున్నాను.
"ఎక్కడిదిది?" అన్నారాయన.
చెప్పేశాను.
లెక్క దగ్గర అబద్ధమాడకూడదని
నేర్పిందీ ఆయనే మరి.

మాస్టారి తమ్ముడు అదే గిడ్డంగిలో గుమాస్తా.
సోమవారం పొద్దున్నే వెళ్లిన నాన్న
తొమ్మిది గంటలు కొట్టకముందే తిరిగొచ్చాడు.
ఒంటి మీద ఏప్రన్ లేదు. అక్కడే విప్పించుకున్నారు.
నన్ను పల్లెత్తు మాట అనలేదు.
అనుంటే బాగుండేది.
ఆ చలికాలమంతా చప్పటి జావ.

పూస ఏమైంది అంటోంది పిల్ల.
మాస్టారి సొరుగులోకి వెళ్లింది. మళ్లీ చూళ్లేదు.

ఇదుగో, ఈ పేజీయే.
మూల ఎలుక కొరికింది, లెక్క మాత్రం మిగిలింది.
మొత్తం, టేర్, సటిల్, ట్రెట్, నికరం పదిహేనువందలు.
అన్నిటికీ ఆయన ఎర్రసిరా టిక్కు.
అన్నిటికన్నా కింద, వంకర టింకరగా, నా రాత:
పూస, ఒకటి.
దాని ఎదురుగా జవాబుకి గీసుకున్న గడి.

నేను వెయ్యనా అమ్మమ్మా, అంటూ
అప్పుడే పెన్సిలు అందుకుంది.
ఏమని వేస్తావే?

పెన్సిలు మొన నాలిక్కి తాకించుకుని
గడి వంకే చూస్తోంది.
కొవ్వొత్తి వేలెడు కరిగింది.